పోలీసు రికార్డులో మీ పేరు మీద తప్పు ఉంటే ఎవరి దగ్గరికి పోవాలి: స్టేషనా, ఎస్పీ ఆఫీసా, కోర్టా, హైకోర్టా?

కేసు కొట్టేసి ఏళ్లు గడిచాక, ఉద్యోగం వెరిఫికేషన్‌కో పాస్‌పోర్టు ఎంక్వయిరీకో వచ్చిన కానిస్టేబుల్ "నీ మీద కేసు పెండింగ్ చూపిస్తుంది" అంటే ఎవరికైనా కాళ్లు చేతులు ఆడవు. నల్లగొండ, పాలమూరు వైపు ఈ టెన్షన్ ఎక్కువగా ఊళ్లలో గెట్టు (పొలం హద్దు) పంచాయితీల్లో పేర్లు పడ్డ కుటుంబాలకు వస్తుంది. అన్నదమ్ముల మధ్య గొడవ అయితే ఇంట్లో ఉన్న మగపిల్లలందరి పేర్లూ ఫిర్యాదులో రాసేస్తారు. అట్లా పేరు పడ్డ పిల్లగాడే నాలుగేండ్ల తర్వాత కానిస్టేబుల్‌కు సెలెక్ట్ అవుతాడు. అప్పుడు ఒకరు ఎస్‌ఐ సాబ్‌ను కలవమంటారు, ఇంకొకరు పట్నం పోయి హైకోర్టులో వేయమంటారు, మూడోవాడు నాకు ఇంత ఇస్తే కంప్యూటర్లో పేరే లేకుండా చేయిస్తానంటాడు. ఆ మూడోవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మిగతా దారుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది తేల్చుకోండి: అది నిజంగా తప్పేనా?

మన దేశంలో కేసు గెలిస్తే రికార్డు మొత్తం చెరిపేసే సాధారణ చట్టం లేదు. నిర్దోషి అని తీర్పు వచ్చినా ఎఫ్‌ఐఆర్ నంబరు అట్లాగే ఉంటుంది, దాని పక్కన ఫలితం మారాలి, అంతే. కాబట్టి "కేసు ఉండేది, కొట్టేశారు" అని చూపిస్తే అది తప్పు కాదు. "కేసు పెండింగ్" అని చూపిస్తే తప్పు. ఈ తేడా తెలియక చాలామంది దిద్దలేనిదాన్ని దిద్దమని తిరిగి తిరిగి అలసిపోతారు.

తప్పులు మామూలుగా నాలుగు రకాలు. కేసు ముగిసినా ఫలితం ఎక్కకపోవడం మొదటిది. మీ పేరు, తండ్రి పేరు కలిసిన ఇంకొకరి కేసు మీ ఖాతాలో పడటం రెండోది. ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరు ఉండి, దర్యాప్తులో సంబంధం లేదని తేలి ఛార్జిషీట్‌లో తీసేసినా స్టేషన్ రికార్డులో నిందితుడిగానే కొనసాగడం మూడోది. పోలీసులు కన్నేసి ఉంచే మనుషుల మీద స్టేషన్లో తెరిచే పాత రౌడీ షీటో సస్పెక్ట్ షీటో ఎవరూ మూసేయకుండా వదిలేయడం నాలుగోది.

తప్పులా కనిపించేది, కానీ కానిది ఇంకొకటి ఉంది. దీన్ని జాగ్రత్తగా చదవండి, ముఖ్యంగా ముంబై, పూణే వైపు పనికి పోయివచ్చిన కుటుంబాలు. నలుగురి మీద కేసు ఉంటుంది, వాయిదాలకు ముగ్గురు వస్తారు, నాలుగో మనిషి మేస్త్రీ వెంట వలస పోయి ఉంటాడు. కోర్టు అతని మీద నాన్ బెయిలబుల్ వారెంటు ఇచ్చి, అతని కేసును విడదీసి కొత్త సి.సి. నంబరు (కోర్టులో కేసుకు ఇచ్చే నంబరు) వేస్తుంది. మిగతా ముగ్గురి మీద కేసు కొట్టేస్తారు. ఊళ్లో అందరూ "మన కేసు అయిపోయింది" అనుకుంటారు. తీర్పు కాపీ తీసి చూస్తే మాత్రం "ఎ1 నుంచి ఎ3 వరకు నిర్దోషులు, ఎ4 మీద కేసు విడదీయబడింది" అని ఉంటుంది. ఎ4కు కేసు నిజంగానే నడుస్తున్నట్టు లెక్క. వారెంటు కూడా కోర్టు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. అతనికి కావాల్సింది రికార్డు సవరణ కాదు, వకీలును పెట్టుకుని కోర్టు ముందు హాజరై వారెంటు రీకాల్ (రద్దు) చేయించుకోవడం. అతను దరఖాస్తు పట్టుకుని ఎస్పీ ఆఫీసుకు పోతే అక్కడే వారెంటు అమలు చేసే అవకాశం ఉంది.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

తప్పు ఎక్కడ పుట్టింది అన్నదే అన్నిటికంటే ముఖ్యం. స్టేషన్ కంప్యూటర్లో పుట్టిన తప్పును కోర్టు సిబ్బంది దిద్దలేరు, కోర్టు రికార్డులో పుట్టిన తప్పును ఎస్పీ దిద్దలేడు. తర్వాత మీ దగ్గర ఎంత టైం ఉంది, చేతిలో కోర్టు ముద్ర ఉన్న కాగితం ఉందా, ఎంత ఖర్చు పెట్టగలరు, ఆ దారిలో వచ్చే జవాబును మీ ఉద్యోగం బోర్డు లేదా పాస్‌పోర్టు ఆఫీసు ఒప్పుకుంటుందా అన్నవి వస్తాయి.

తప్పు ఎక్కడుందో ఇంట్లో కూర్చునే కొంత తెలుసుకోవచ్చు. ఈకోర్ట్స్ సైటులో గానీ యాప్‌లో గానీ పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం కొట్టి వెతకండి. కేసు దొరికితే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఆ కేసుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) రాసి పెట్టుకోండి. అక్కడ "డిస్పోజ్డ్" (ముగిసింది) అని ఉండి పోలీసులు మాత్రం పెండింగ్ అంటుంటే తప్పు పోలీసు వైపుది. అక్కడే పెండింగ్ అని ఉంటే ముందు కోర్టుకు పోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ లేకపోతే తెలంగాణ పోలీసు వెబ్‌సైటులో చూడండి. ఎఫ్‌ఐఆర్‌లను సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. లైంగిక నేరాల లాంటి సున్నితమైన కేసులు మాత్రం పెట్టరు.

జిల్లాలు విడిపోయిన సంగతి కూడా మరవొద్దు. 2016 అక్టోబరుకు ముందు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల స్టేషన్లు మహబూబ్‌నగర్ ఎస్పీ కిందే ఉండేవి, సూర్యాపేట నల్లగొండ కింద ఉండేది. నారాయణపేట 2019లో విడిపోయింది. కొత్త జిల్లా కోర్టులు 2022లో వచ్చాయి. 2014 నాటి కేసు ఫలితం ఏ ఆఫీసులో ఆగిపోయిందో తెలియాలంటే పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ అడగాల్సి రావచ్చు.

ఒక చూపులో

| దారి | దేనికి పనికొస్తుంది | ఖర్చు | టైం | బలహీనత |
|---|---|---|---|---|
| కోర్టు సర్టిఫైడ్ కాపీ | కేసు ముగిసిందని రుజువు | తక్కువ | రోజుల నుంచి వారాలు | దానంతట అది రికార్డును మార్చదు |
| స్టేషన్, ఎస్పీ ఆఫీసు దరఖాస్తు | ఫలితం ఎక్కనివి, పేరు కలిసినవి, పాత షీట్లు | దాదాపు లేదు | మనం వెంటపడటాన్ని బట్టి | గడువు లేదు |
| సమాచార హక్కు | రికార్డులో ఏముందో రాతలో తెలుసుకోవడం | 10 రూపాయలు | 30 రోజులు | సమాచారమే ఇస్తారు, దిద్దరు |
| కింది కోర్టులో పిటిషన్ | కోర్టు రికార్డులో రాత తప్పులు, వారెంటు రీకాల్ | వకీలు ఫీజు | వారాల నుంచి నెలలు | పోలీసు రికార్డుకు మళ్లీ విడిగా తిరగాలి |
| హైకోర్టు | తప్పుడు కేసు రద్దు, షీటు మూయించడం, పోలీసులు కదలనప్పుడు | ఎక్కువ | నెలలు, కొన్నిసార్లు ఏళ్లు | ఖర్చు, పట్నం తిరుగుడు |

సర్టిఫైడ్ కాపీ

మిగతా దారులన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఏది ఎంచుకున్నా ముందు ఇది తీసుకోండి. కేసు నడిచిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాలి. సి.సి. నంబరు, సంవత్సరం, మీరు ఎన్నో నిందితుడో రాసి కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే చాలు. వకీలు ద్వారా అయితే పని సులువు. ఫోన్లో తీసిన తీర్పు ఫొటో, ఈకోర్ట్స్ నుంచి తీసిన ప్రింటు పనికిరావని కాదు, కానీ వెరిఫికేషన్ ఆఫీసర్ ఫైల్లో పెట్టుకునేది ముద్ర ఉన్న కాగితాన్నే. కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి చూడండి: మీ పేరు, తండ్రి పేరు, నిందితుడి నంబరు సరిగ్గా ఉన్నాయా, కోర్టు ముద్ర, సూపరింటెండెంట్ సంతకం ఉన్నాయా, కాపీ అడిగిన తేదీ, ఇచ్చిన తేదీ వేశారా. రెండు సెట్లు తీసుకుంటే మంచిది, ఒకటి ఎక్కడైనా ఇచ్చేయాల్సి వస్తుంది.

చాలా పాత కేసయితే ఫైలు రికార్డు రూంలో ఉండొచ్చు, గడువు దాటితే నాశనం చేసి కూడా ఉండొచ్చు. అప్పుడు ఆ మాటే ఎండార్స్‌మెంటుగా రాసివ్వమని అడగండి. కోర్టు రిజిస్టరులో కేసు ఫలితం ఉంటే ఆ ఎంట్రీ కాపీ కూడా అడగండి.

కేసు ఛార్జిషీట్ దాకా పోకుండా స్టేషన్లోనే "ఫాల్స్" అనో "లాక్ ఆఫ్ ఎవిడెన్స్" అనో మూసేసి ఉంటే తీర్పు ఉండదు, ఫైనల్ రిపోర్టు ఉంటుంది. దాన్ని కోర్టు తీసుకున్నట్టు ఉన్న కాపీ కావాలి. స్టేషన్లో మూసేశామని నోటితో చెప్పిన మాటకు విలువ లేదు.

స్టేషన్, ఎస్పీ ఆఫీసు

నా దృష్టిలో చాలామందికి సరిపోయే దారి ఇదే. కోర్టులో వచ్చిన ఫలితాన్ని స్టేషన్‌కు చేర్చేది కోర్టు కానిస్టేబుల్, దాన్ని రిజిస్టరులోనూ సీసీటీఎన్ఎస్ అనే పోలీసు రికార్డుల కంప్యూటర్లోనూ ఎక్కించాల్సింది స్టేషన్. మధ్యలో మనిషి బదిలీ అయినా, కాగితం ఇంకో ఫైల్లో పడినా మీ కేసు అట్లాగే "అండర్ ట్రయల్" అని ఉండిపోతుంది. దీనికి హైకోర్టు అక్కర్లేదు, కాగితం పట్టుకుని వెంటపడే ఓపిక కావాలి.

దరఖాస్తు ఒక పేజీ దాటనివ్వకండి. క్రైమ్ నంబరు, సెక్షన్లు, సి.సి. నంబరు, తీర్పు తేదీ, ఫలితం, ఏ రికార్డులో ఏమని తప్పుగా ఉంది, దాన్ని ఏమని మార్చాలి, ఇవి ఉంటే చాలు. మీ బాధంతా రాస్తే చదివే ఆఫీసర్‌కు అసలు నంబరు దొరకదు. ఒకటి ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి) ఇచ్చి మీ కాపీ మీద సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకోండి. అదే దరఖాస్తును ఎస్పీ ఆఫీసులో ఇచ్చి ఇన్వర్డ్ నంబరు తీసుకోండి. జిల్లా క్రైమ్ రికార్డుల విభాగం, పాస్‌పోర్టు, ఉద్యోగ వెరిఫికేషన్లు చూసే స్పెషల్ బ్రాంచి రెండూ ఎస్పీ కిందే ఉంటాయి. అందుకే స్టేషన్లో ఒక్క చోట ఇచ్చి ఆగిపోవద్దు. ఎస్పీలు సోమవారం పెట్టే గ్రీవెన్స్ డేకు పోతే పెద్దసారు చేతికే కాగితం అందుతుంది, చాలావరకు అక్కడే కింది ఆఫీసర్‌కు ఫోన్ పోతుంది. స్టేషన్లో కాగితమే తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

పేరు కలిసిన కేసుల్లో మీ ఆధార్, పదో తరగతి మెమో, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న నిందితుడి వయసు, ఊరు, తండ్రి పేరు పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే తాత పేరు పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు ఉంటారు కదా, తండ్రి పేరు దగ్గరే మనిషి తేలిపోతాడు. స్పెషల్ బ్రాంచి నుంచి ఆ నిందితుడు మీరు కాదని రాతలో రాకపోతే ప్రతి వెరిఫికేషన్‌కూ ఇదే కథ మళ్లీ వస్తుంది.

రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు సంగతి వేరు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో 601, 602 చూడండి. షీటు తెరిచాక డిసెంబరు చివరిదాకా ఉంచవచ్చు, ఆ తర్వాత కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి మళ్లీ ఉత్తర్వు ఇవ్వాలి. కొత్త కేసులు లేకుండా ఏళ్లు గడిచినా షీటు నడుస్తుంటే డీఎస్పీకి, ఎస్పీకి ఈ ఆర్డర్లు చూపిస్తూ దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే ఆ దరఖాస్తే రేపు హైకోర్టులో మీ మొదటి కాగితం అవుతుంది.

సమాచార హక్కు

ఇది దిద్దే దారి కాదు, తప్పును బయటికి లాగే దారి. "ఫలానా క్రైమ్ నంబరులో నా పేరు మీద ప్రస్తుత స్థితి ఏమని నమోదైంది, కోర్టు ఫలితం ఏ తేదీన ఎక్కించారు, నా దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారు" అని అడగండి. ఎందుకు దిద్దలేదు అని అడగొద్దు, ఎందుకులకు జవాబివ్వాల్సిన పని వాళ్లకు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు లేదు. దర్యాప్తు నడుస్తున్న కేసు మీద అడిగితే నిరాకరించొచ్చు. ఉద్యోగం గడువు నెలలోపే ఉంటే దీని మీద ఆధారపడకండి, ఎస్పీ దరఖాస్తుతో పాటు పక్కన నడిపించండి.

కోర్టులు

తీర్పులో మీ పేరు, నంబరు తప్పు పడితే అదే కోర్టులో పిటిషన్ వేయాలి. ఒకసారి సంతకం చేసిన తీర్పును కోర్టు మార్చలేదు గానీ రాత పొరపాట్లను దిద్దవచ్చు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టంలో అది 403వ సెక్షన్. ఈకోర్ట్స్‌లో ఫలితం ఎక్కకపోతే ముందు కోర్టు సూపరింటెండెంట్‌కు కాగితం ఇచ్చి చూడండి, చాలాసార్లు పిటిషన్ దాకా పోకుండానే అయిపోతుంది.

హైకోర్టు మూడు సందర్భాలకే. అసలు కేసే తప్పుడుదైతే రద్దు చేయమని బీఎన్ఎస్ఎస్ 528 కింద వేయొచ్చు, పాత చట్టంలో దాన్నే 482 అనేవాళ్లు. కాగితాలన్నీ ఇచ్చినా పోలీసులు కదలకపోతే, లేదా రౌడీ షీటు మూయకపోతే రిట్ (అధికారులకు ఆదేశం ఇవ్వమని కోరే పిటిషన్) వేయొచ్చు. రాజీ పడ్డా కింది కోర్టులో రాజీ కుదరని సెక్షన్ ఉంటే కూడా ఇక్కడికే రావాలి. గెట్టు కొట్లాటల్లో 2024 జూలైకి ముందు తరచూ పెట్టిన ఐపీసీ 324 అట్లాంటిదే. రాజీ కుదిరిన ఇలాంటి కేసులను హైకోర్టు రద్దు చేయవచ్చని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. ఎక్కని ఫలితాన్ని కంప్యూటర్లో ఎక్కించడానికి మాత్రం నేరుగా హైకోర్టుకు పోకండి. ముందు ఎస్పీకి దరఖాస్తు పెట్టారా అన్నదే అక్కడ అడిగే మొదటి ప్రశ్న.

లోక్ అదాలత్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. "వచ్చి ఫైన్ కట్టిపో, కేసు అయిపోతుంది" అని పిలుస్తారు. రాజీ కింద కేసు మూస్తే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నేరం ఒప్పుకుని ఫైన్ కడితే అది శిక్ష పడ్డట్టు లెక్క, వంద రూపాయల ఫైనయినా సరే. సంతకం పెట్టే ముందు రెండింట్లో ఏదో అడగండి, చదువుకుంటున్న పిల్లలు అయితే మరీ. ఒప్పుకుని ఫైన్ కట్టిన కేసును తర్వాత తప్పు అని దిద్దించలేరు.

వకీలుకు డబ్బులు లేవని ఆగిపోకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు.

మీ పరిస్థితిని బట్టి

పోలీసు, ప్రభుత్వ ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర ఉన్నవాళ్లు సర్టిఫైడ్ కాపీ, ఎస్పీ దరఖాస్తు ఒకే వారంలో చేయాలి. అటెస్టేషన్ ఫారంలో "మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా" అన్న కాలం దగ్గర దాచకండి. రికార్డు తప్పే అయినా, కేసు కొట్టేసినా, అడిగింది "ఎప్పుడైనా" అని అయితే అవును అని రాసి ఫలితం, కాపీ జత చేయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం చిన్న కేసు విషయంలో నియమించేవాళ్లు పరిస్థితులు చూసి నిర్ణయం తీసుకోవాలి, నిజం చెప్పినా పూర్వాపరాలు చూసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. దాచితే మాత్రం ఆ దాచడమే వేరే కారణం అయిపోతుంది. నిర్దోషిగా బయటపడ్డ పిల్లలు ఒక్క టిక్కు దగ్గర ఉద్యోగం పోగొట్టుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ప్రైవేటు కంపెనీలో చేరేవాళ్ల లెక్క వేరు. వెరిఫికేషన్ ఏజెన్సీలు ఎక్కువగా పేరు కొట్టి కోర్టు సైట్లు వెతుకుతాయి, అందుకే పేరు కలిసిన తప్పులు ఇక్కడ ఎక్కువ. రిపోర్టు కాపీ ఇవ్వమని హెచ్‌ఆర్‌ను అడిగి, ఆ కేసులోని నిందితుడి తండ్రి పేరు, ఊరు వేరని చూపించండి. చాలావరకు మెయిల్‌తోనే తేలుతుంది.

పద్దెనిమిది నిండకముందు పడ్డ కేసయితే జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 24వ సెక్షన్ మీకు పెద్ద అండ. కొన్ని ఘోరమైన నేరాలను మినహాయిస్తే ఆ కేసు వల్ల అనర్హత రాదు, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలి. జువెనైల్ జస్టిస్ బోర్డుకు దరఖాస్తు పెట్టండి.

కేసు సమయంలో వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని ఉంటే, మీకు ముందు శిక్షలేవీ లేకుండా అప్పీళ్లన్నీ ముగిసి నిర్దోషిగా తేలితే, వాటిని నాశనం చేయాలని 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం చెబుతుంది, కోర్టు ఉంచమంటే తప్ప. ఇది ఎవరూ అడగరు. అడగండి.

పాస్‌పోర్టుకు అప్లై చేసినవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ ఉన్నంతమాత్రాన కోర్టులో కేసు పెండింగ్ ఉన్నట్టు కాదు, కోర్టు విచారణకు తీసుకుంటేనే ఆ అడ్డు. నిజంగా కేసు నడుస్తుంటే అదే కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటే 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు, ఉత్తర్వులో కాలం రాయకపోతే ఒక సంవత్సరానికే. కేసు ముగిసినా పోలీసు రిపోర్టు వ్యతిరేకంగా పోయి ఉంటే, కొత్త అప్లికేషన్ పెట్టి మళ్లీ ఫీజు కట్టే ముందు, పాత ఫైలు నంబరు వేసి సర్టిఫైడ్ కాపీతో రీవెరిఫికేషన్ కోరుతూ సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసుకు రాయండి, అదే రోజు ఎస్పీ ఆఫీసు స్పెషల్ బ్రాంచిలో కూడా ఒక కాపీ ఇచ్చి ఇన్వర్డ్ నంబరు తీసుకోండి, ఎందుకంటే రీవెరిఫికేషన్ తిరిగి వచ్చేది ఆ బల్ల మీదికే.